అక్క నడిపిన సీమ కారు

మొన్న మా మనవడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. ఇంగ్లండ్‌లో తయారైన పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, మా రోజుల్లో సీమ కారు అనేవాళ్లం, గుడ్డ కప్పు, తీగల చక్రాలు. పుణెలో ఎవరో అమ్ముతున్నారట. కొనేముందు ఏమేం చూడాలో నీకేమైనా తెలుసా అమ్మమ్మా అని నవ్వుతూ అడిగాడు. తెలుసన్నాను. వాడు నమ్మలేదు. నా ఈడు వాళ్లు నమ్ముతారనుకుంటాను. మనం చూసినవి తక్కువే గానీ, చూసినవాటిని అంత తొందరగా మరచిపోలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా బావ బోథ్‌లో రోడ్ల ఇంజనీరు. నేను ఆదిలాబాద్ ఆడపిల్లల బడిలో అప్పుడే చేరిన పంతులమ్మను, సెలవొస్తే అక్క ఇంటికి పోయేదాన్ని. బావ స్నేహితుడొకరికి పాత జీపు ఉండేది. దాన్ని అడిగి తెచ్చి, మనుషులు తిరగని అడవి బాటలో బావే అక్కకు నడపడం నేర్పాడు. కొంగు నడుముకు దోపుకొని, పెదవి పంటితో నొక్కి పట్టుకొని ఆమె గుంతలు తప్పించుకుంటూ పోతుంటే బావ పక్కన కూర్చుని మురిసిపోయేవాడు. ఊరి పొలిమేర కనిపించగానే మాత్రం ఇద్దరూ సీట్లు మారేవారు.

ఆ రోజుల్లోనే కరీంనగర్‌లో బావ తండ్రికి స్నేహితుడైన ఒక వకీలు సాబ్ తన కారు అమ్ముతున్నాడని తెలిసింది. నిజాం కొలువు వదిలి స్వదేశం పోతున్న ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర ఆయన కొన్నదది. ఇప్పుడు కళ్లు మసకబారి నడపలేకపోతున్నాడు. నగ కావాలని గానీ, చీర కావాలని గానీ నోరు తెరిచి ఎన్నడూ అడగని అక్క, అన్నం వడ్డిస్తూ మెల్లగా అడిగింది.

"గా కారును ఒక్కసారి చూసొద్దామా?"

సోన్ దగ్గర గోదావరి దాటి, మెట్‌పల్లి మీదుగా ముగ్గురం బస్సులో వెళ్లాం. వకీలు సాబ్ ఇంటి వెనక రేకుల కొట్టంలో ఉంది కారు, ముదురాకుపచ్చ రంగుది. బావ ముందు ఇంజను మూత మీద అరచెయ్యి ఆనించాడు. వేడిగా ఉంటే మనం రాకముందే నడిపి, లోపాలు దాచారన్నమాట అని మాకు వివరించాడు. చల్లగానే ఉంది. నూనెలో నీళ్లు కలిశాయేమో చూశాడు, స్టార్ట్ చేయించి పొగ నీలంగా వస్తోందేమో చూశాడు, చక్రాల తీగలను ఒక్కొక్కటే తట్టి వదులుగా ఉన్నవాటిని చప్పుడును బట్టి పట్టుకున్నాడు, నేల మీద వెల్లకిలా పడుకొని అడుగున తుప్పు గీకి చూశాడు. ఇలాంటి కార్లకు పైన రేకు ఉన్నా లోపలి చట్రం కట్టెదట. తలుపును కొద్దిగా పైకెత్తి చూడబోతుంటే వకీలు సాబే ఆపాడు.

"ఎడమ దిక్కు దర్వాజ కింద కట్టె మెత్తవడ్డది బేటా. చెప్పకుంట అమ్ముడు నాతోని కాదు." ఆ తర్వాత అక్క వైపు తిరిగి, "నువ్వు నడిపి చూడు బిడ్డా. బండి నడిపెటోళ్లకు తెలుస్తది," అన్నాడు.

కప్పు మడిచి, బావను పక్కన కూర్చోబెట్టుకొని అక్క మానేరు ఒడ్డు దాకా నడిపింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె ముడి ఊడిపోయి ఉంది, ముఖం నిండా దుమ్ము, నవ్వుతోంది. దిగాక కూడా స్టీరింగు మీద చెయ్యి తీయలేదు. బజారులో నలుగురైదుగురు ఆగి చూస్తున్నారు. బావ వాళ్లను చూశాడు.

"కట్టె పోయింది. సామాన్లు ఏడ దొరుకుతయి? వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు.

"మీ ఇష్టం," అంది అక్క.

వచ్చే ఏడు లోపలే ఆ కారును జమ్మికుంట పత్తి వ్యాపారి ఒకాయన కొన్నాడు. తర్వాత నాకు అక్కడికి బదిలీ అయినప్పుడు చూశాను. జిన్నింగు మిల్లు ఆవరణలో చక్రాలు లేకుండా, సీట్ల నిండా పత్తి ధూళితో పడి ఉంది. అక్కకు చెప్పబుద్ధి కాలేదు. ఆమె మళ్లీ ఎప్పుడూ ఏదీ అడగలేదు. చాలా ఏళ్లకు బావ మామూలు కారు కొని తాళాలు చేతిలో పెడితే, ఇప్పుడు నాకెందుకని వెనక సీటులో కూర్చుంది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ వెనకే.

అక్క చనిపోయిన ఏడు బావ నాతో ఒక మాట అన్నాడు.

"కట్టె ఒక్కటే గద. నిర్మల్ల కట్టెపని జేసే వడ్లోళ్లకిస్తే చేసిచ్చేటోళ్లు. నాకు గప్పుడే ఎర్కె. ఇంజనీరు పెండ్లాం కప్పులేని కారు నడుపుకుంట బజార్ల పోతే నలుగురు ఏమంటరో అని జంకిన. గా నెపం కట్టె మీద పెట్టిన. ఆమెకు తెలిసే ఉంటది."

తెలిసే ఉంటుందని నాకూ అనిపించింది.

ఇప్పుడు కరీంనగర్ వెళ్తే ఆడపిల్లలు కార్లు నడుపుకుంటూ, అద్దాలు దించి పాటలు పెట్టుకొని పోతుంటారు. ఎవరూ తల తిప్పి చూడరు. ఒకప్పుడు తిప్పి చూసిన తలలకే మా ఇల్లంతా భయపడింది. ఆ తలల్లో ఒక్కటీ ఇప్పుడు లేదు. అక్క కూడా లేదు.