మా అమ్మ చదివిన నవల

ఆడియో పుస్తకం వింటే చదివినట్టా కాదా అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే చాలు, నాకు కూర్చోబుద్ధి కాదు. మా స్టాఫ్ రూంలో అప్పుడప్పుడు ఈ పంచాయితీ లేస్తుంది. "కళ్లతో అక్షరం పట్టుకుంటేనే చదువు మేడం, మిగతాదంతా కాలక్షేపం" అని మా లెక్కల సారు తేల్చేస్తాడు. నేను వెంటనే టిఫిన్ డబ్బా మూత పెట్టేసి, "సారూ, ముందు మా అమ్మ సంగతి వినండి, తర్వాత మాట్లాడుదురు గాని" అంటాను. ఎన్నిసార్లు చెప్పినా నాకు అదే హుషారు.

కరోనాకు బడులు మూసిన ఏడు అది. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బడి మూశారు, జీతం ఆపారు. కిరాయి ఇల్లు ఖాళీ చేసి, కట్టంగూర్ దగ్గరున్న మా ఊరికి వచ్చేశాను. వానలు వెనకబట్టి పత్తి పగిలింది. అమ్మ పొద్దున్నే కూలికి పోతుంటే నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఒడి కట్టుకుని ఆమె వెంట నడిచాను.

పత్తి ఏరడమంటే మనిషికొక సాలు. నడుముకు బట్ట కట్టుకుంటే అదే ఒడి. రెండు చేతులతో పత్తి తీసి ఒడిలో వేసుకుంటూ ఆ సాలు వెంట ముందుకు పోవాలి. అమ్మ చెయ్యి అందరికన్నా వేగం. నాది చెప్పుకుంటే నవ్వుతారు. అందరూ గట్టెక్కి నీళ్లు తాగుతుంటే నేనింకా సగం సాలులో ఉండేదాన్ని. పైగా నాకు చదవకపోతే పొద్దు పోని రోగం. రెండు చేతులూ పత్తికే పోతే పుస్తకం పట్టుకునేదెట్లా? అందుకే ఒకరోజు ఫోన్‌లో ఒక నవల దించుకుని, ఫోన్‌ను చున్నీలో మూటగట్టి మెడకు వేసుకుని, నా ఒక్కదానికే వినపడేట్టు పెట్టుకున్నాను.

నా ఒక్కదానికే అని నేననుకున్నాను! అది తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ ఊరూరు తిరిగే ఒక ముసలామె కథ. నాలుగు మాటలు నడిచాయో లేదో, పక్క సాలులో ఉన్న, నాకు వరసకు వదినె అయ్యే ఆమె తలెత్తింది.

"ఎవలే పిల్లా గామె? ఎవల బర్రె పోయింది?"

"కథ వదినె. పుస్తకంల కథ."

"గట్లనా? మరి జర సప్పుడు పెంచరాదు, నీ ఒక్కదానికేనా చెవులు?"

పెంచాను. మధ్యాహ్నానికి వరస మొత్తం ఆ ముసలామె వెంట నడుస్తోంది. ఒకటే చిక్కు. చెయ్యి వేగమున్న వాళ్లు ముందుకు పోతే వాళ్లకు కథ వినపడదు. "ఏమైందే? దొరికిందా?" అని ముందు నుంచి అమ్మ కేక. "ఇంకా లేదే, ఆగు!" అని వెనక నుంచి నా కేక. దానికి వాళ్లే ఉపాయం కనిపెట్టారు. నన్ను నడిమి సాలులో పెట్టి, అటొకామె ఇటొకామె తమ సాళ్లతో పాటు నా సాలు పత్తి కూడా ఏరి నా ఒడిలోనే వేయడం మొదలుపెట్టారు. "నువ్వు ఎనకబడితె బర్రె కూడ ఎనకబడతది" అని వదినె వెక్కిరించింది. ఎవరి కోసమూ ఆగని మా అమ్మ, కథ కోసం చేతులు నెమ్మది చేసుకుంది. నేను నమ్మలేకపోయాను.

ఒకరోజు మబ్బు కమ్ముకొచ్చింది. పత్తి తడవకముందే తీయాలని అందరం ఉరుకులు పరుగులు. చెమట చేత్తో ఫోన్‌ను ఎక్కడ నొక్కానో ఏమో, నవల చదివే ఆవిడ గడగడా అందుకుంది. అది వేగం పెరిగిందని మాకెవరికీ అనుమానం రాలేదు.

"పాపం, ఆమె కూడ మబ్బు చూసింది" అంది వదినె.

"అవ్ మరి. వాన పడేలోపు ఒడగొట్టాలె గదా" అని అమ్మ ఒప్పేసుకుంది.

ఆవిడతో పోటీ పడి ఏరారు. చినుకు పడేలోపు చేను ఖాళీ అయింది. ఇంటికొచ్చాక సంగతి తెలిసి నేను కడుపు పట్టుకుని నవ్వాను.

ఆ చలికాలంలోనే ఊరి పిల్లలంతా కలిసి పంచాయతీ ఆఫీసు మీది గదిలో చిన్న గ్రంథాలయం పెట్టారు. వాళ్లలో మా తమ్ముడే పెద్దమనిషి. తెరిచే రోజు, ఆ ఏడు ఒక నవల చదివిన వాళ్లు మైకు ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పాలని పెట్టుకున్నారు. అన్నం తింటూ తమ్ముడు ఆ మాట చెప్పాడో లేదో, అమ్మ ముఖం వెలిగిపోయింది.

"నేను కూడ చెప్త బిడ్డా. అప్పటికి మన నవల ఒడుస్తది."

"నువ్వు విన్నవ్ అమ్మా, చదివినవా? నలుగురు నవ్వుతరు."

మామూలుగా ఒక మాటంటే పది అనే మనిషి. అమ్మ కంచం తీసుకుని లేచిపోయింది. నాకు ఒళ్లు మండింది గాని, తెలుగు చెప్పే దాన్నయ్యుండి, వింటే చదివినట్టా కాదా అన్నది నాకే తేలలేదు. గిన్నెలు కడిగేటప్పుడు అమ్మ నా వైపు చూడకుండా అడిగింది.

"వాడు చెప్పింది నిజమేనా? నేను సదవనట్టేనా? నా ఈడు పోరగాళ్లు బడికి పోతుంటె నన్ను గొడ్ల ఎంబడి తోలిన్రు. ఒక్కసారన్న సదివిన అని చెప్పుకోవాలని ఉంటది గదనే."

నేను తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

ఆ తర్వాత అమ్మ మా అవ్వను కండ్ల దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చి, ఒకరోజు చేనుకు రాలేదు. సరిగ్గా ఆ రోజే నవలలో బర్రె దొరికింది! మర్నాడు ఆడవాళ్లంతా అమ్మ మీద పడి పోటీలు పడి చెప్పారు. సంతలో దొరికిందని ఒకరు, ఇంకొకరి కొట్టంలో ఉందని ఒకరు, అమ్మినోడిని తిడుతూ ఒకరు. అమ్మ అన్నీ విన్నది. ఇంటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"నిన్నటిది మల్ల పెట్టు."

"అంత చెప్పిన్రు గదనే! ఇంకేం మిగిలింది?"

"వాళ్లు చెప్పింది వాళ్ల మాట. నాకు పుస్తకం మాట కావాలె."

పెట్టాను. గడప మీద కూర్చుని, ఫోన్‌ను చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నది. కళ్లు తుడుచుకుంది.

"బర్రె దొరికిందని అందరు చెప్పిన్రు. దాన్ని పిలువనీకి ఆ ముసలామె భయపడ్డదని ఒక్కరన్న చెప్పిన్రా? పిలిస్తె అది తిరిగి చూడదేమోనని, కొట్టం బయట ఎంత సేపు నిలవడ్డదో చూడు పాపం!"

కథ వేరు, పుస్తకం వేరు! కథ నిన్ననే ఎవరో చెప్పేశారు. అయినా ఆమెకు పుస్తకమే కావాలి, అందులోని మాట మాటా కావాలి. చదవడమంటే ఇది కాక ఇంకేమిటి? నాకు కాలు నిలవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా గ్రంథాలయానికి ఉరికి, బీరువాలు సర్దుతున్న తమ్ముడితో గొంతు పోయేదాకా కొట్లాడాను. వాడు చేతులు జోడించి, "సరే అక్కా, విన్నోళ్లను కూడ పిలుస్త, ఇగ ఊకో" అన్నాడు. గెలిచాననుకున్నాను.

గ్రంథాలయం తెరిచిన రోజు గది నిండా జనం. అమ్మ పెట్టెలోని చీర తీసి కట్టుకుంది. పత్తి చేను వరస మొత్తం ఆమె పక్కనే కూర్చుంది. చదివిన పిల్లలు ముగ్గురు నలుగురు మాట్లాడారు. అప్పుడు తమ్ముడు మైకులో, "నవల విన్నవాళ్లు కూడా రావచ్చు" అన్నాడు.

నేను అమ్మ వైపు తిరిగాను. అమ్మ కదలలేదు. "పోవే" అని మోచేత్తో పొడిచాను. కొంగు వేలికి చుట్టుకుంటూ కిందికే చూస్తోంది. "లే అత్తా" అని వదినె కూడా అన్నది. ఊఁహూఁ. తమ్ముడు మళ్లీ అదే మాట అన్నాడు. అమ్మ తలెత్తి వాడి ముఖంలోకి చూసింది, కానీ లేవలేదు.

తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. మైకు నోటికి దూరంగా దించి మామూలు గొంతుతో అన్నాడు.

"అమ్మా, నువ్వు చదివినవ్ గదా. రా."

అప్పుడు లేచింది. నేరుగా పోయి మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"నేను ఒక నవల సదివిన" అన్నది. మైకు ఇంకా దగ్గరికి లాక్కుని, "రెండోది సదువుతున్న" అన్నది.