నాలుగు చెవుల మావయ్య

మావయ్యకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరేం చెప్పినా నమ్మడు. ఒకరు చెబితే సగం అనుమానం, నలుగురు కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెబితే పూర్తి అనుమానం. "వాన పడుతోంది మావయ్యా" అంటే, కిటికీలోంచి చెయ్యి చాపి, మేడ మీదికెళ్ళి తల తడుపుకుని, వీధిలో గొడుగులేసుకున్నవాళ్ళని చూసి, అప్పుడు "అవునే, పడుతోంది" అనేవాడు. ఆ సరికి వాన వెలిసిపోయేది.

ఈ బాధంతా దగ్గరుండి పడ్డది మేనకోడలు. ఆయనింట్లోనే పెరిగి, పెద్దయ్యాక ఏరు సముద్రంలో కలిసేచోట జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించే లాంచీని నడిపే సరంగయింది. రేవులో అందరూ సరంగమ్మ అనేవాళ్ళు. మావయ్య అదే రేవులో రేడియో మెకానిక్కు.

చిన్నప్పుడు అత్తయ్య కూర వండితే ఆయన ముందు రుచి చూసేవాడు కాదు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ వేరే గదిలోకి పిలిచి, తలుపేసి, "ఉప్పు సరిపోయిందా?" అని గుసగుసగా అడిగేవాడు. ఒకసారి ముగ్గురూ "బ్రహ్మాండం" అన్నారు.

"ముగ్గురిదీ ఒకటే మాటా? మీ చేత ఎవరో చెప్పించారు!" అని తలుపు తీస్తే, గరిటె పట్టుకుని అత్తయ్య నిలబడి ఉంది.

అత్తయ్యతో పెళ్ళిచూపులప్పుడూ అంతేనట. పిల్ల తరఫువాళ్ళంతా "మా అమ్మాయి బంగారం" అన్నారు. ఈయనకి పూర్తి అనుమానం పట్టుకుంది. చల్లగా బయటపడి ఇరుగుపొరుగుని అడిగాడు. ఒకామె "మహా మొండిది" అంది. ఇంకొకాయన "నవ్వించి చంపుతుంది" అన్నాడు. మూడో ఆవిడ "నా పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది" అంది. మావయ్య మొహం విప్పారింది. "తలో దిక్కునుంచి తలో మాట! ఇది నిఖార్సైన మనిషి" అని ఒప్పేసుకున్నాడు.

ఇలాంటి మనిషికి లాంచీలో దారి చూపించే తెర ఒకటుందని తెలిస్తే ఊరుకుంటాడా?

"అదేం చెబుతుంది?" అన్నాడు.

"మనమెక్కడున్నామో చెబుతుంది. ఉపగ్రహాలు చెబితే దీనికి తెలుస్తుంది" అంది మేనకోడలు.

"ఆ చెప్పేది ఉపగ్రహాలేనని ఎవరు చెప్పారు?"

మర్నాడే నిచ్చెన వేసుకుని లాంచీ పైకప్పెక్కాడు. నాలుగు మూలలా నాలుగు యాంటెన్నాలు బిగించి, కింద చుక్కాని పక్కన ఒక పెట్టె పెట్టాడు. "అసలు ఉపగ్రహాలు ఆకాశంలో తలో మూలా ఉంటాయి. ఒకటి తూర్పునుంచి పలికితే ఇంకోటి నడినెత్తిమీంచి పలుకుతుంది. దొంగ సిగ్నలు పంపేవాడు అందరి గొంతులూ అనుకరిస్తాడు గానీ, ఒక్కచోటే నిలబడి అనుకరిస్తాడు. ఒక్క చెవితో వింటే మోసపోతాం. నాలుగు చెవులుంటే, ఏ చెవికి ముందు చేరింది, ఏ చెవికి వెనక చేరింది అని పోల్చి దిక్కు పట్టేయొచ్చు. అన్నీ ఒకే దిక్కునుంచి వస్తే పెట్టె కూస్తుంది" అన్నాడు.

రేవంతా పగలబడి నవ్వింది. "ఉపగ్రహాల్ని కూడా వేరే గదిలోకి పిలిచి అడుగుతున్నాడయ్యా!" అన్నాడు రేవు మేనేజరు. అప్పట్నుంచి ఆయన నాలుగు చెవుల మావయ్య. పెట్టె చాలాకాలం నోరు మెదపలేదు. లాంచీలో పనిచేసే కళాసి దానిమీద టీ గ్లాసు పెట్టుకునేవాడు.

ఒక ఉదయం లాంచీ నిండా జనంతో తిరిగొస్తుంటే పొగమంచు కమ్మేసింది. లాంచీ ముందు కొసన నిలబడ్డ కళాసి వెనకున్న సరంగమ్మకి కనబడటం లేదు. తెర మాత్రం నిబ్బరంగా, నడిదారిలోనే ఉన్నారంటోంది. ఉన్నట్టుండి పెట్టె కూసింది. టీ గ్లాసు ఎగిరి కిందపడింది.

సరంగమ్మ ఇంజను వేగం తగ్గించి చెవులు రిక్కించింది. రేవు ముందర రాళ్ళకట్ట చివర మంచు పట్టినప్పుడు మోగే గంట ఒకటుంది. అది కుడిపక్క వినబడాలి. ఎడమపక్క వినబడుతోంది. అంటే లాంచీ దారి తప్పి రాళ్ళవైపు పోతోందన్నమాట.

ఆ సంగతి రేడియోలో ఒడ్డుకి చెప్పింది. ఒడ్డునుంచి మేనేజరు, "ఇక్కడ మూడు తెరల్లోనూ నువ్వు సరైన దారిలోనే ఉన్నావమ్మా! మంచులో చప్పుడు దిక్కు తప్పుతుంది. వచ్చెయ్" అన్నాడు.

మేనేజరు వెనకనుంచి మావయ్య గొంతు వినిపించింది. "ఆ మూడింటికీ తానెక్కడుందో చెప్పేది ఆ లాంచీయేనయ్యా! నోరు ఒక్కటే. అమ్మడూ, గంట ఎటు వినబడుతోందన్నావ్?"

"ఎడమ పక్క, మావయ్యా."

"అయితే ఎడమే. లంగరు దింపెయ్."

"ఒక్క మనిషి మాట మీదా!" అని మేనేజరు అరిచాడు. "వానని కూడా నమ్మవు గదయ్యా నువ్వు!"

"చెప్పింది ఆ పిల్ల" అన్నాడు మావయ్య. అంతే. ఇంకెవర్నీ అడగలేదు.

లంగరు దిగింది. లోపల జనం ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్నారు. చాలాసేపటికి మంచు పల్చబడింది. ముందు వైపు, రాయి విసిరితే తగిలేంత దూరంలో, నల్లటి రాళ్ళు పళ్ళికిలించి చూస్తున్నాయి. అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలెట్టారు.

పెట్టె చూపించిన దిక్కు పట్టుకుని వెతికితే, ఒడ్డున ఓ గోడౌను కప్పు మీద డ్రోన్లని దారి తప్పించడానికి పెట్టిన యంత్రం దొరికింది. దాని దొంగ సిగ్నలు డ్రోన్లతో పాటు లాంచీనీ పక్కకి లాగేసింది. దాన్ని ఆ పూటే ఆపించారు.

లాంచీ రేవు చేరేసరికి మావయ్య మెట్ల దగ్గర నిలబడి, దిగిన ప్రతివాణ్ణీ పక్కకి లాగుతున్నాడు. "మా సరంగమ్మ ఎలా ఉంది? భయపడిందా?"

"నన్ను కూర్చోమని కసిరింది" అన్నాడొకాయన. "మా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది" అంది ఒకావిడ. "ఒక్కర్తీ ఏదో పాట గొణుక్కుంది" అన్నాడు కళాసి. ఒక్కో జవాబుకీ ఆయన మొహం ఒక్కో మెట్టు తేటపడుతోంది.

చివర్న ఆమె దిగింది. "నన్నే అడగొచ్చుగా మావయ్యా? ఇందాక నా ఒక్కదాని మాటే నమ్మావుగా!"

"లాంచీ సంగతి నువ్వు చెబితే నమ్ముతా. నీ సంగతి నువ్వు చెబితే నమ్మను. పక్కటెముక విరిగినా 'బాగానే ఉన్నా' అనే రకం నువ్వు. చిన్నప్పట్నుంచీ నీ గురించి పదిమందినడిగితే గానీ నాకు నిద్ర పట్టదు."

సరంగమ్మకి నవ్వొచ్చింది. మెట్టు మీద ఆయన పక్కనే కూలబడింది.

"కాళ్ళు ఇంకా వణుకుతున్నాయి మావయ్యా."

"హమ్మయ్య, నిజం చెప్పావు" అన్నాడు మావయ్య, తనూ నెమ్మదిగా కూర్చుంటూ. "నావీ వణుకుతున్నాయి. కావాలంటే ఎవర్నైనా అడుగు."