డల్సీ పిల్లి, గ్వెండా లిల్లీలు

గ్వెండా ప్రిచర్డ్ మా చర్చిలో ముప్పై ఒక్క ఏళ్ళు పూలు పెట్టింది. ఏ ఆదివారం ఎవరు పూలు తేవాలో రాసిన కాగితం ఒకటి తలుపు పక్కన వేలాడేది కానీ, అది పేరుకే. ఎవరు పెట్టి వెళ్ళినా శనివారం పొద్దున ఆవిడ వచ్చి అన్నీ పీకేసి మళ్ళీ పెట్టేది. "ఇవి పూలా, ఆవులకి వేసే గడ్డా?" అనేది, తెచ్చినవాళ్ళు పక్కనే నిలబడి ఉన్నా సరే. పాతికేళ్ళు స్కూలు బస్సు తోలిన మనిషి. ఊళ్ళో సగం మందిని చిన్నప్పుడు నోరు మూసుకుని కూర్చోమని గదమాయించింది కాబట్టి, వాళ్ళు పెద్దయ్యాక కూడా ఎదురు చెప్పలేకపోయారు. ఆ బస్సులో వెనక సీటు నాది.

ఆవిడకి ఎదురు చెప్పేది డల్సీ టల్లక్ ఒక్కతే. ఇద్దరికీ ఆరేళ్ళ వయసు నుంచి స్నేహం. శనివారాలు డల్సీ కాడలు కోసి అందిస్తే గ్వెండా కూర్చేది. డిసెంబరు వచ్చిందంటే గ్వెండా పెరట్లో క్రిస్మస్ లిల్లీలు పూసేవి. నడుమెత్తు కాడలు, బూరల్లా విచ్చుకునే తెల్లటి పూలు, తలుపు తియ్యగానే మొహానికి కొట్టే వాసన. వాటి విషయంలో గ్వెండాకి ఒక నియమం ఉండేది. పువ్వు విచ్చుకున్న వెంటనే లోపలి కేసరాల్ని చిన్న కత్తెరతో కత్తిరించెయ్యాలి. లేకపోతే పసుపుపచ్చ పుప్పొడి బలిపీఠం మీది తెల్లగుడ్డ మీద రాలుతుంది, ఎంత ఉతికినా పోదు. అన్నేళ్ళలో ఆ గుడ్డకి ఆవిడ ఒక్క మరక అంటనివ్వలేదు. అందుకు కాస్త గర్వపడేది కూడా.

డల్సీ కిందటేడు అక్టోబరులో పోయింది. ఆవిడ మొగుడు మెర్వ్‌కి డెబ్బై తొమ్మిదేళ్ళు, పాడి ఆవుల్ని అమ్మేసి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఉన్నదల్లా డల్సీ పెంచిన పికిల్ అనే బూడిదరంగు పిల్లి. తెల్లటి రొమ్ము, మహా పొగరు. మెర్వ్‌కీ దానికీ పదేళ్ళుగా పడేది కాదు. కుర్చీ కోసం పోట్లాడుకునేవాళ్ళు. ఆసుపత్రిలో డల్సీ అతని చెయ్యి పట్టుకుని, "నా పికిల్‌కి ఏమీ కానివ్వకు మెర్వ్" అందట. అవే ఆఖరి మాటలు. ఆ తర్వాత పిల్లి అతని కాళ్ళ మీద పడుకోవడం మొదలుపెట్టింది, అతను కుర్చీ దానికి వదిలేశాడు.

మా దగ్గర ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ పూలు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకీ, కొత్తగా మనిషిని పోగొట్టుకున్న ఇళ్ళకీ వెళ్తాయి. డిసెంబరు మొదటి ఆదివారం గ్వెండా మెర్వ్‌కి లిల్లీలు తీసుకెళ్ళింది. ఎక్కువ రోజులు నిలుస్తాయని మొగ్గలున్న కాడలే ఏరింది. నేను గిన్నెలో మాంసం కూర పట్టుకుని అప్పటికే వరండాలో నిలబడి ఉన్నాను. "ఎంత బాగున్నాయో!" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

మెర్వ్ తలుపు తీసి, పూలు చేతిలోకి తీసుకుని, అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

"శనివారం డల్సీ ఇంటికొస్తే ఇదే వాసనొచ్చేది గ్వెన్. ఇప్పుడే లోపలికి వచ్చినట్టుంది."

రెండు నెలల తర్వాత మొదటిసారి తనంతట తానే లేచి మాకు టీ పెట్టాడు. అది ఘోరంగా ఉంది. ఇద్దరం రెండేసి కప్పులు తాగాం.

గురువారం గ్వెండా వెళ్ళేసరికి మొగ్గలన్నీ విచ్చుకున్నాయట. పికిల్ పూలగిన్నె పక్కనే బల్ల మీద కూర్చుంది. రొమ్ము మీదా మీసాల మీదా అంతా పసుపు. "దీని సోకు చూడు మెర్వ్! పౌడరు పూసుకుని డాన్సుకి బయల్దేరింది!" అందట ఈవిడ. మెర్వ్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. గ్వెండా చేత్తో కాస్త తుడిచింది, మిగిలింది పిల్లి తీరిగ్గా నాక్కుంది. మర్నాటి నుంచి వాంతులు, ఒకటే నీళ్ళు తాగడం. ఆదివారానికి, దిమ్మల మీద ఎత్తుగా కట్టిన ఆ ఇంటి కింద చీకట్లో చచ్చి పడుంది. మెర్వ్ దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకురాలేదు. పాత రైతులు అంతే, పిల్లి కోసం కారు తియ్యరు. నిమ్మచెట్టు కింద పాతిపెట్టాడు.

నేను పశువుల డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. ఫోన్లు ఎత్తడం, జనాన్ని తిట్టడం నా పని. ఈ ఊళ్ళో పిల్లి బొచ్చులో పురుగులు చేరితే టీ ట్రీ నూనె రాస్తారు. దానికి జలుబు చేస్తే యూకలిప్టస్ నూనె ఆవిరి పడతారు. "మన చెట్ల నూనేగా టెస్, ఏం చేస్తుంది?" అంటారు. చంపుతుంది అంటాను. ఇలాంటివాళ్ళకి ఇవ్వడానికి మా దగ్గర ఒక కాగితం ఉంది. ఒకవైపు పిల్లులకి పడని నూనెలు, సెంట్లు, అగరొత్తులు. రెండోవైపు మొక్కలు, వాటిలో అన్నిటికన్నా పైన లిల్లీ. మొదటివైపు నాకు నోటికి వచ్చు. రెండోవైపు ఎవరికీ తిప్పి చూపించిన పాపాన పోలేదు.

సోమవారం గ్వెండా తన ముసలి కుక్కకి పురుగుల మాత్రల కోసం వచ్చి, పికిల్ సంగతి చెప్పింది. పౌడరు సోకు గురించి చెప్తూ మళ్ళీ కాస్త నవ్వింది కూడా.

"నాకిందా ఆ పుప్పొడి?" అన్నాను.

"నాకక? పిల్లి కాదూ?"

నా నోరు నా మాట వినదు. కాగితం తీసి తిప్పి ఆవిడ ముందు పెట్టాను. కళ్ళజోడు లేక చెయ్యంత దూరం చాపి చదివింది. కాస్త నాకినా మూత్రపిండాలు పోతాయనీ, పూలు పెట్టిన నీళ్ళు తాగినా చాలనీ అందులో ఉంది.

"గుడ్డ కోసం కత్తిరించాను టెస్" అంది. "ఇన్నేళ్ళూ గుడ్డ కోసం కత్తిరించాను."

కాగితాన్ని మళ్ళీ బోర్లా తిప్పి నా వైపు నెట్టింది.

"మెర్వ్‌కి చెప్పకు. నేనే చెప్తాను. ఈ పండగ పోనీ."

సరే అన్నాను. క్రిస్మస్ పోయింది, ఈస్టరు పోయింది. ఆవిడ చెప్పలేదు, నేను గుర్తు చెయ్యలేదు. ఇతరుల్ని తిట్టడానికి ఉన్న నోరు అప్పుడేమైందో.

జనవరిలో ఆవిడ పెరట్లోని లిల్లీ దుంపలన్నీ తవ్వి పారేసింది. మోకాళ్ళ నొప్పులని చెప్పి చర్చి పూలు మానేసింది. దాంతో ఆ చర్చిలో పూలు నిజంగానే గడ్డిలా కనిపించసాగాయి. మా బల్ల దగ్గరికి ఏదో వంకతో వచ్చి అరచేతులు చాపేది. "చూడవే, పసుపు ఉందా?" ఏమీ ఉండేది కాదు. తోమి తోమి ఎర్రబడిన చేతులు, అంతే. ఒకరోజు టీ తాగుతూ చటుక్కున ఆగిపోయింది. "వినపడిందా?" అంది. బల్ల కింద ఏదో గరగరా నాకుతున్న చప్పుడట. ఇంట్లో రోజూ వినిపిస్తోందట, ముఖ్యంగా మధ్యాహ్నాలు, రేడియో ఆపగానే. నేను వంగి చూశాను. ఎండ పడిన నేల తప్ప ఏమీ లేదు. అయినా నా ఒళ్ళు జలదరించింది, ఆ మాట దాచను.

గురువారాలు మెర్వ్ ఇంటికి వెళ్ళడం మాత్రం మానలేదు. అదే ఆవిడ శిక్ష అనుకుంటాను. ప్రతిసారీ అతను అనేవాడట: "ఆ పూలు ఎంత మేలు చేశాయో గ్వెన్. ఆ నాలుగు రోజులే నేను బాగా నిద్రపోయింది." అతనూ ఏడాదిలో పదేళ్ళు ముసలివాడైపోయాడు. చర్చికి రావడం మానేశాడు. పెళ్ళాం పోయిన దిగులని మేమందరం అనుకున్నాం.

నవంబరులో గ్వెండా పెరట్లో లిల్లీలు మళ్ళీ మొలిచాయి. తవ్వినప్పుడు విరిగి మట్టిలో ఉండిపోయిన ముక్కల్లోంచి వచ్చి ఉంటాయి. పీకితే ఇంకో చోట మొలిచేవి. గరికలోంచి, ఇటుకల సందుల్లోంచి, మెట్ల కింద నుంచి పైకి వచ్చేవి. "అవి నన్ను వెతుక్కుంటూ వస్తున్నాయి" అంది నాతో. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

ఆ నెలలోనే మెర్వ్ తన టోపీలో ఒక పిల్లికూనని పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. పాత పాకలో ఎవరో వదిలేశారట.

"ఎవరికైనా ఇచ్చెయ్యి టెస్. నా ఇల్లు పిల్లులకి మంచిది కాదు."

తెలిసిపోయిందేమో అనుకున్నాను. కానీ అతను మర్నాడు దాన్ని చూడ్డానికి వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. నాలుగో రోజు దాని చెవి వెనక గోకుతూ, "శనివారం తీసుకెళ్తాలే" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "గ్వెన్ లిల్లీలు ఈ ఏడాది పూస్తాయా? ఇంట్లో ఆ వాసన ఉంటే బాగుండు."

ఆ సాయంత్రమే గ్వెండా ఇంటికి వెళ్ళాను.

"శనివారం నేనే కూనని తీసుకెళ్ళి ఇస్తాను. దాంతోపాటు ఆ కాగితం కూడా ఇస్తాను, రెండోవైపు పైకి పెట్టి. అతను చదివి తెలుసుకుంటాడో, నీ నోటితో వింటాడో నీ ఇష్టం."

"నన్ను చంపుతున్నావే."

"బతికున్న పిల్లి సంగతి చూద్దాం ముందు" అన్నాను. అంత కటువుగా ఆవిడతో ఎన్నడూ మాట్లాడలేదు.

శనివారం పొద్దున ఆవిడ నా కారులో, కూన ఉన్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెర్వ్ వంటింట్లో పాలగిన్నె సిద్ధంగా పెట్టాడు. పెట్టె బల్ల మీద పెట్టగానే ఆవిడ నిలబడే చెప్పింది. పూల గురించి, పుప్పొడి గురించి, తుడిచిన చేతి గురించి, ఏడాది నోరు మూసుకోవడం గురించి, ఏదీ తగ్గించకుండా. "నీ పికిల్‌ని చంపింది నేను మెర్వ్" అంది.

మెర్వ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎలుకల మందు కాదా?" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. పికిల్ జబ్బు పడటానికి వారం ముందు కోళ్ళ గూడు వెనక ఎలుకల మందు పెట్టాడట. పిల్లి చచ్చిపోయాక వెళ్ళి చూస్తే ఒక చచ్చిన ఎలుక సగం కొరికి ఉందట.

"నేనే చంపాననుకున్నాను. ఒక్క కోరిక కోరింది మనిషి, రెండు నెలలు తిరక్కుండా చంపేశాననుకున్నాను. ఏ మొహం పెట్టుకుని డల్సీ దగ్గరికి వెళ్ళేది? ఏడాదైంది నేను ఆవిడ సమాధి చూసి. ఒక్కసారి వెళ్ళలేదు." నా వైపు తిరిగాడు. "నీకూ తెలుసా?"

"తెలుసు" అన్నాను. ఇన్నేళ్ళ బతుకులో ఏ మాటకీ అంత సిగ్గుపడలేదు.

అతను అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది. గ్వెండా బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఏడాదంతా తన శిక్ష తను అనుభవిస్తున్నానని అనుకుంది కానీ, సగం శిక్ష ఈ ముసలాయన నెత్తిన పెట్టానని అప్పుడే తెలిసింది ఆవిడకి. మెర్వ్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"పద" అన్నాడు. "నాకు చెప్తే సరిపోదు. వచ్చి ఆవిడకి చెప్పు."

కూన పెట్టె కూడా ఎక్కించుకుని నేనే కారు నడిపాను. శ్మశానం గేటు దగ్గర మెర్వ్ ఆగిపోయాడు, లోపలికి రానన్నాడు. గ్వెండా ఒక్కతే గడ్డిలో నడుచుకుంటూ వెళ్ళింది. ఆ చోటికి ఆవిడ ఉత్త చేతులతో వెళ్ళడం నేను చూడ్డం అదే మొదలు. రాయి ముందు నిలబడి తల వంచింది. నేను కూనని పెట్టెలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, కారు కిటికీలోంచి చూస్తున్నాను. మెర్వ్ చూపు అంత దూరం ఆనదు.

"చెప్తోందా?" అన్నాడు.

ఆవిడ పెదవులు కదులుతున్నాయి. చేతులు ముందుకు చాపి రాయికి చూపిస్తోంది.

"చెప్తోంది."

కాసేపాగి, "ఇంకా?" అన్నాడు.

"ఇంకా చెప్తోంది మెర్వ్."

అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని, గేటు తోసుకుని లోపలికి వెళ్ళాడు.