పెత్రమాసనాడు పిలవని పేరు

మొఘల్‌పురా గల్లీల అలివేలమ్మకు పిల్లలను సాకుట్ల దిట్ట అని పేరు. కడుపు పండకముందే మొగడు పోతే, తమ్ముడు రంగనాథ్ ఇల్లు చేరింది. నయాపూల్ దిక్కు కచేరీల గుమాస్తా పని చేసే ఆ తమ్మునికి పెండ్లి చేసింది ఆమెనే, పెండ్లాన్ని వెళ్లగొట్టించింది ఆమెనే. కాన్పయినంక సూర్యప్రభ చేతుల మీద తెల్లమచ్చలు లేచినయి. "బొల్లి కాదురా, పెద్దరోగమే. పిల్లకంటుకుంటే?" అన్నది. రంగనాథ్ తల వంచుకొని పోయి టాంగా మాట్లాడుకొచ్చిండు. సూర్యప్రభ మాదన్నపేటల అన్న ఇంటికి పోయింది. పోలీస్ యాక్షన్‌కు ముందటేడు సంగతి అది.

అప్పటికి పిల్ల పద్మజకు అయిదో నెల. అలివేలమ్మ పిల్ల ఆడుకునే గిలక మీద గుడ్డ కప్పి చూసింది. పిల్ల దాన్ని దేవులాడనే లేదు, తన వేళ్లు చీక్కుంట పండుకున్నది.

"చూసినవా తమ్మీ? కండ్ల ముందర లేకుంటే లేనట్టే దీనికి. తల్లీ అంతే."

ఏడాది తిరగకముందే అదే పిల్ల గుడ్డ లాగి గిలక తీసింది. తలుపుల వెనక, మంచాల కింద వెతుకుడు మొదలువెట్టింది. ఏం వెతుకుతున్నదో దానికే తెల్వదు. అలివేలమ్మకు తెలుసు.

నాలుగేండ్లకు నోరొచ్చింది. "అమ్మ ఏది?"

"సచ్చిపోయింది. పాలు తాగుకుంట కొరికినవ్ గద, అందుకే."

ఆ ఈడు పిల్లలకు వాన పడ్డా, దీపం ఆరినా తమ వల్లనే అనిపిస్తది. పద్మజ నమ్మింది. తన పండ్లంటే తనకే భయమై, అన్నం నమలకుండ మింగుడు షురూ చేసింది. అలివేలమ్మ చూసి నవ్వుకున్నది.

ఇంకొన్ని పాలు కావాలంటే, ఉన్న పాలనే పొడుగు గిలాసల పోసి "ఇగో, మస్తయినయి" అనేది. పిల్ల మురిసిపోయేది. ఏడో ఏట ఒకనాడు పద్మజ ఆ పాలను మళ్ల చెంబుల ఒంపింది.

"అత్తమ్మా, అప్పటి పాలే ఇవి. గిలాస సన్నగున్నది, గంతే."

"తెలివి ముదిరింది నీకు!" అని నెత్తి మీద మొట్టింది అలివేలమ్మ. ఆనాటి సంది పిల్ల అన్నం నమిలి తింటున్నదని మాత్రం చూసుకోలే.

పద్మజకు పదమూడో ఏడు నడుస్తుండంగ, శ్రావణంల సూర్యప్రభ అన్న వచ్చి గడప బయట నిలవడ్డడు. "చెల్లె పోయింది. బావకు చెప్పుండ్రి."

"చెప్త, పో" అని తలుపేసింది అలివేలమ్మ. చెప్పలే. చెప్తే ఇంటికి మైల, పిల్ల ముందర ఇన్నేండ్ల అబద్ధం బయటవడుడు. ఎందుకొచ్చిన లొల్లి?

నెల తిరిగి పెత్రమాస వచ్చింది. రంగనాథ్ పీట మీద కూసొని, పోయినోళ్లకు పేరుపేరున నువ్వుల నీళ్లు ఇడుస్తున్నడు. పద్మజ చెంబుతోటి నీళ్లు పోస్తున్నది. తాత, నాయనమ్మ, అలివేలమ్మ పెనిమిటి, ఆఖరికి చదువు చెప్పిన పంతులు గూడ అయిండు. మంత్రం చెప్తున్న అయ్యగారు లేవబోయిండు.

"నాన్నా, అమ్మ పేరు?"

"పిల్లవు, నీకెందుకే ఇవన్ని?" అన్నది అలివేలమ్మ.

"పంతులుకిచ్చినవు, మామయ్యకిచ్చినవు. పోయినోళ్లనెవ్వర్నీ ఇడువవు నువ్వు. అమ్మకు ఏ ఏడూ ఇయ్యలే. అంటే అమ్మ సావలే. అంతేనా, నాన్నా?"

రంగనాథ్ చేతిలున్న నువ్వులను మళ్ల గిన్నెల పోసిండు. "బతికున్నోళ్లకు ఇడవొద్దు బిడ్డా," అన్నడు మెల్లగ. "మాదన్నపేటల ఉన్నది."

"అది నువ్వు కొరికినందుకే..." అన్నది అలివేలమ్మ తటాలున.

"ఇంక పొడుగు గిలాస గూడ తెస్తవా అత్తమ్మా?" పండ్లన్ని కనవడేటట్టు నవ్వింది పద్మజ.

రంగనాథ్ టాంగా కోసం గల్లీలకు ఉరికిండు. పన్నెండేండ్లల్ల ఆయన నడకల అంత జోరు ఎవ్వరూ చూడలే. పద్మజ జడ అల్లుకుంట అడిగింది: "అమ్మకు ఏ కూర ఇష్టం?"

ఇప్పుడన్నా చెప్పొచ్చు. తండ్రి గూడ ఇంట్ల లేడు, అడ్డమొచ్చేటోళ్లు లేరు.

"బీరకాయ," అన్నది అలివేలమ్మ.

పెద్దల పేరున అయ్యగారికి ఇయ్యనీకె బియ్యం మీద కూరగాయలు పేర్చి పెట్టిండ్రు. అందుల నుంచి పద్మజ రెండు లేత బీరకాయలు ఏరి, ఓణీ కొంగుల చుట్టుకొని బయటికి ఉరికింది. టాంగా గంట మోగింది.

ఏడుస్తది, మళ్ల ఈ గడపకే వస్తది, యాడికి పోతది, అనుకున్నది అలివేలమ్మ. బియ్యంల బీరకాయలున్న జాగల రెండు గుంటలు పడ్డయి. చేత్తోటి వాటిని సాపు చేసింది.

"కానీయుండ్రి అయ్యగారూ," అన్నది.