పెద్ద బ్రేకర్

మిర్యాలగూడలో ఏ రైసుమిల్లులో మోటారు మొరాయించినా ముందు మోగేది జయరాజు ఫోనే. పదో తరగతి తప్పిన మనిషి. అయితేనేం, మోటార్ల మీది రేకుబిళ్లలు ఓసారి చదివాడంటే, ఎంత ట్రాన్స్‌ఫార్మర్ కావాలో, ఎంత బ్రేకర్ పెట్టాలో సుద్దముక్కతో గోడ మీద రాసి పడేస్తాడు. అతని లెక్క తప్పిందని ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. ఒక్కసారి తప్పుచేశాడని అతనికొక్కడికే తెలుసు.

ఆ మధ్యాహ్నం జగదీశ్ మిల్లులో, లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే బ్రేకర్ నాలుగోసారి పడిపోయింది. వడ్లు ఆరబెట్టే కొత్త డ్రయర్ ఆన్ చేయడం, మిల్లంతా గప్‌చుప్ అయిపోవడం! బయట పచ్చివడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. పైన చూస్తే మబ్బు కమ్ముకొస్తోంది. జగదీశ్ కోదాడకు మనిషిని తోలి ఆరువందల ముప్ఫై ఆంపియర్ల బ్రేకర్ తెప్పించి బల్ల మీద పెట్టాడు. ఈ ప్రాంతంలో ఇదొక పాడు జబ్బు. బ్రేకర్ పడిపోతుంటే ఎందుకు పడుతోందని అడగరు, ఇంకా పెద్దది కొనుక్కొస్తారు.

"పాతది తీసెయ్, ఇది బిగించు. పావుగంటల మిల్లు నడవాలె" అన్నాడు జగదీశ్.

"జర గోడ దిక్కు సూడు సార్" అంటూ జయరాజు రాశాడు. "మీ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేదే మూడువందల ముప్ఫై ఆంపియర్లు. పాత మోటర్లకే రెండువందల ఎనభై పోతది. డ్రయర్ ఇంకో నూటఐదు గుంజుతది. ఏడికెళ్లి తేవాలె? బ్రేకర్ ఖరాబ్ కాలే, దాని పని అది జేస్తున్నది. పెద్దది పెడితే అది పడది, కేబుల్ కాలుతది."

"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాంక గీ వడ్లను మొలకలెత్తనియ్యాల్నా? నీతోని కాకుంటే చెప్పు, సంపత్ బిగిస్తడు."

ఊళ్లో ఇంకో ఎలక్ట్రీషియన్ సంపత్. అతను బిగిస్తాడు, అందులో అనుమానమే లేదు. లోపల ఇరవై మంది కూలీలున్నారు.

అంతలో ట్రాక్టర్ దిగి లింగమ్మ వచ్చింది. హుజూర్‌నగర్ దగ్గర కౌలు సేద్యం చేస్తుంది. జయరాజు ప్రాణస్నేహితుడు దావీదుకు తల్లి. దావీదు ఏడేళ్ల కిందట తను పనిచేసే మిల్లులో కరెంటు ప్యానెల్ బోర్డు అంటుకుని చనిపోయాడు.

"బిగించు బిడ్డా, నీకు దండం పెడ్త. వానొస్తే నా కష్టమంతా మట్టిపాలే" అంది.

ఇప్పుడు నోరు మూసుకుంటే మళ్లీ అదే జరుగుతుంది. తెరిస్తే ఈ తల్లి మొహం ఇక చూడలేడు.

"దావీదు మిల్లుల గుడ గిట్లనే జరిగింది పెద్దమ్మా. మాటిమాటికి పడుతున్నదని ఓనరు పెద్ద బ్రేకర్ తెచ్చిండు. వద్దని నాకు తెలుసు. అయినా బిగించిన. అందరు షార్ట్ సర్క్యూట్ అన్నరు, నేను గుడ తలూపిన."

లింగమ్మ అతన్నే చూస్తూ నిలబడింది.

"ఏడేండ్లు పండుగ పండుగకు నా ఇంట్ల కూసొని అన్నం తిన్నవ్ గదరా!"

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి ఆ కొత్త బ్రేకర్ డబ్బాను చంకన పెట్టుకుంది.

"ఇది బిగించేది లేదు సార్. నా వడ్లు తడిస్తే తడవనియ్" అంది.

జగదీశ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మరి ఏం జేద్దాం జయరాజూ?" అని మెల్లగా అడిగాడు.

"పాలిష్ మిషన్లు రెండూ బందు పెట్టుర్రి. అరవై హార్స్‌పవర్ తగ్గుతది. ముందు డ్రయర్, అది స్పీడు అందుకున్నంక తక్కినయి ఒక్కొక్కటి. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇయ్యాల్నే దరఖాస్తు పెట్టుర్రి."

జయరాజు డ్రయర్ బటన్ నొక్కాడు. మీటరు ముల్లు ఎగిరిపడింది. మెల్లగా దిగింది. ఒక్కో మోటారూ కలుపుతూ పోతే చివరికి మూడువందల దగ్గర నిలిచింది. బ్రేకర్ పడలేదు. బయట చినుకులు మొదలయ్యాయి, ట్రాక్టర్లు ఒక్కొక్కటే లోపలికి కదిలాయి.

లింగమ్మ వంతు వచ్చింది. వడ్లు దింపుతున్నంతసేపూ ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జయరాజు దగ్గరికి వెళ్లి, "పెద్దమ్మా" అన్నాడు.

"గీ క్రిస్మస్‌కు మా ఇంటికి రాకు" అంది ఆమె, డబ్బా మీది నుంచి చెయ్యి తీయకుండా.