టైపక్క విన్న మాట

ఆ వీధిలో ఆమెను అందరూ టైపక్క అనే పిలిచేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది. కట్టుకున్నవాడే దాన్ని మరిచిపోతే వీధికేం పట్టింది? పదో తరగతి తప్పిన ఏడాది, ఇంట్లో వాళ్ళ చివాట్లు పడలేక, పంతం పట్టి టైపు నేర్చుకుంది. ఆ మిషన్లు మూలపడి కంప్యూటర్లు వచ్చాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. సందు చివరి జిరాక్సు షాపులో వెనక కిటికీ పక్కన కూర్చుని అర్జీలు, అద్దె ఒప్పందాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కొట్టేది. ఆమె వేళ్ళు పరిగెడుతుంటే చూసేవాళ్ళ కళ్ళు తిరిగేవి. నోరు మాత్రం పెద్దది కాదు. అడిగితే చెప్పే రకం, అడక్కపోతే ఊరుకునే రకం. ఆ ఊరుకోవడమే ఆమె కొంప ముంచింది.

కిటికీ అవతల ఒక పెద్ద భవనం లేస్తోంది. దాని పక్కన నిలబెట్టిన క్రేను నడిపేది ఆమె భర్త. కింద నిలబడి ఎత్తు, దించు, ఆపు అని వాకీటాకీలో చెప్పేది భర్తకు అన్నయ్య, అంటే ఆమెకు బావగారు. అంత ఎత్తున గదిలో కూర్చున్నవాడికి కింద ఎవరున్నారో, ఏముందో కనబడదు. కింది మనిషి చెప్పిందే వేదం. తమ్ముడికి ఆ పని నేర్పించి, కంపెనీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి అందులో పెట్టించింది కూడా ఆ అన్నే. ఇద్దరిదీ ఒకటే ఇల్లు. కింది వాటాలో తమ్ముడు, మేడ మీద అన్న. బావగారికి పిల్లలు లేరు. తమ్ముడి పిల్లలు ఆయన భుజం దిగేవాళ్ళు కాదు.

షాపు ఓనరుకి పాటల పిచ్చి. కంప్యూటరుకి రెండు స్పీకర్లు కొని, ఒకటి టేబుల్ మీదా, రెండోది కిటికీ పైన అరలోనూ పెట్టించాడు. వైరు చాలకపోతే ఇంకో వైరు అతికించి గోడంతా తిప్పించాడు. అప్పటినుంచీ పాట లేనప్పుడల్లా స్పీకర్లు గరగరమనేవి. ఒక పొద్దున ఆ గరగరలోంచి, ఇంకొంచెం దించు తమ్ముడూ, అని బావగారి గొంతు వినబడేసరికి టైపక్క కుర్చీలోంచి ఎగిరిపడింది. కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి చూసి నవ్వాడు. వైరు అంత పొడుగుంటే ఏరియల్‌లా పనిచేస్తుందట, పక్కన వాడే పాత వాకీటాకీ సెట్ల మాటలన్నీ అందులో పడతాయట. కత్తిరించేస్తే పోతుందన్నాడు. ఉండనీయమంది టైపక్క.

ఎందుకు కత్తిరించనిస్తుంది? ఇంట్లో నాలుగు ముక్కలు మాట్లాడని మొగుడి గొంతు పగలంతా చెవిన పడుతుంటే! పైన ఒంటరిగా కూర్చుని ఆ మహానుభావుడు పాటలు కూడా పాడేవాడు, శ్రుతీ లేదు, లయా లేదు. నీ మరదలు ఇవాళ కూరలో ఉప్పు మరిచిపోయింది అన్నయ్యా, అని ఒకరోజు నేరం మోపాడు. ఆ సాయంత్రం టైపక్క ఉప్పు డబ్బా తెచ్చి కంచం పక్కన ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది. పాపం ఆయన డబ్బా వంకా ఆమె వంకా చూస్తూ ఉండిపోయాడు. విషయం మాత్రం ఆమె చెప్పలేదు. చెబితే ఆ పాటలు ఆగిపోతాయని భయం.

ఆ పనిలో ఒక నియమం ఉంది. కింది మనిషి చెప్పిన మాటను పైమనిషి తిరిగి పలకాలి. ఆపు అంటే, ఆపుతున్నా అనాలి. సొంత అన్నదమ్ములకి ఈ తంతు ఎందుకని వీళ్ళు మానేశారు. అన్న చెప్పగానే తమ్ముడు సెట్ మీది బటన్ రెండుసార్లు నొక్కేవాడు. టక్ టక్ అంటే విన్నానని. అదే చాలన్నాడు అన్న కూడా, ఆ పాపంలో ఆయనకీ వాటా ఉంది. అలా నొక్కీ నొక్కీ తమ్ముడి బొటనవేలు, చెవిన పడ్డ మాట బుర్రకెక్కక ముందే జవాబు చెప్పడం మరిగింది.

ఆ మధ్యాహ్నం టైపక్క ఎవరిదో అద్దె ఒప్పందం కొడుతోంది. అవతల ఇనప చువ్వల కట్ట దిగుతోంది. ఉన్నట్టుండి స్పీకర్లో బావగారి గొంతు మారింది. "ఆపు తమ్ముడూ! కింద మనిషున్నాడు. ఆపు, ఆపు!" వెంటనే టక్ టక్ అని వినబడింది. హమ్మయ్య అనుకుని ఆమె మళ్ళీ కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. అప్పుడు బయట నేల అదిరింది.

పోయినవాడు కట్టలకి కొక్కెం తగిలించే మనిషి. అంతకు ముందు వారమే షాపుకొచ్చి, హెల్మెట్ మీద అంటించుకుంటానని తన పేరు పెద్దక్షరాలతో ప్రింటు తీయించుకున్నాడు. రంగు అక్షరాలు కావాలని మారాం చేస్తే టైపక్కే ఎరుపు వేసి ఇచ్చింది. కిటికీలోంచి చూసినప్పుడు ఆ ఎరుపే మొదట కనబడింది.

కంపెనీవాళ్ళు వచ్చారు, పోలీసులు వచ్చారు. అన్నదమ్ములిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. ఆపమని అరిచానన్నాడు అన్న. దించమన్నాడు, దించాను, ఆ తర్వాత అన్నయ్య ఏమీ అనలేదన్నాడు తమ్ముడు. చువ్వలు కోసే మిషన్ రొదలో చుట్టుపక్కల ఎవరికీ ఏమీ వినబడలేదు. ఒకరి మాట మీద ఒకరి మాట. నిలబడి చూసుకోవాల్సినవాడు కింది మనిషే గనక, అందరి వేళ్ళూ బావగారి వైపే తిరిగాయి.

ఆ సాయంత్రమే టైపక్క పిల్లల్ని పక్కింటికి పంపి, తలుపు వేసి, భర్తను నిలదీసింది.

"మీకు వినబడింది. బటన్ కూడా నొక్కారు. మా షాపు స్పీకర్లో నేను విన్నాను."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. మాట చెవిన పడిందట, వేలు దాని పని అది చేసేసిందట, అర్థమయ్యేసరికి కట్ట కిందికి వెళ్ళిపోయిందట. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను జైలుకెళితే పిల్లల గతేమిటన్నాడు. అన్నయ్యకి ఎవరున్నారు, ఉన్నది వదిన ఒక్కతే, ఎలాగో నెట్టుకొస్తారన్నాడు. ఏం మాట అది! భుజాన మోసి పెంచిన మనిషి గురించి అనాల్సిన మాటేనా? టైపక్కకు ఒళ్ళు మండిపోయింది. కానీ పక్కింట్లోంచి పిల్లల నవ్వులు వినబడుతున్నాయి. ఆమె తలుపు తీసి వాళ్ళని పిలుచుకొచ్చి అన్నం పెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే కాఫీ కలిపి మేడ మీదికి తీసుకెళ్ళేది. అంతకంటే ఏం చేయాలో ఆమెకి పాలుపోలేదు. బావగారు పనికి వెళ్ళడం లేదు, గడ్డం గీసుకోవడం లేదు. ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చునేవాడు. తమ్ముడి మీద పల్లెత్తు మాట అనలేదు. తోటికోడలు ఒక్కతే గొణిగేది, దేవుడు చూస్తున్నాడే చెల్లీ అని. టైపక్క ఖాళీ గ్లాసులు తీసుకుని గబగబా మెట్లు దిగిపోయేది. రాత్రిళ్ళు నిద్ర పట్టక తనని తానే తిట్టుకునేది, పొద్దున్నే మళ్ళీ కాఫీ కలిపేది.

విచారణ చివరి రోజు పొద్దున ఆమె వెళ్ళేసరికి బావగారు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అన్నాళ్ళ తర్వాత ఆ ముఖం ప్రశాంతంగా ఉండటం చూసి ఆమెకి భయం వేసింది.

"అమ్మాయ్, నేను ఆపమనలేదని ఇవాళ ఒప్పేసుకుంటాను," అన్నాడు. "ఎంత ఆలోచించినా ఆ ముక్క నాకు స్పష్టంగా గుర్తు రావట్లేదు. అరిచానని అనుకున్నాను. మనసులో అనుకున్నానేమో, పైకి అనలేదేమో. మా తమ్ముడు నా మీద అబద్ధం చెప్పడు కదా. అంటే ఆ మనిషిని చంపింది నేనే."

బావగారికి జైలు పడే సంగతి ఆమె ఎన్నోసార్లు ఆలోచించుకుంది. తన బుర్ర మీద తనకే నమ్మకం పోయి, చేయని హత్యను ఈ మనిషి నెత్తినెత్తుకుంటాడని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. చేతిలోని గ్లాసు కిటికీలో పెట్టి, అంతా చెప్పేసింది. స్పీకర్లూ, వైరూ, తాను విన్న మాట విన్నట్టుగా.

"మీరు అన్నారు బావగారూ. 'ఆపు తమ్ముడూ, కింద మనిషున్నాడు' అన్నారు. ఆ తర్వాత కూడా ఆపు, ఆపు అన్నారు."

ఆ మాట వింటే ఆయన ప్రాణం లేచొస్తుందనుకుంది పిచ్చిది. ఆయన నిజంగానే ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. మరుక్షణం కళ్ళు తెరిచాడు.

"అయితే వాడు విన్నాడా?"

ఆమె తల దించుకుంది.

"విని కూడా, నేను అనలేదని చెప్పాడా? నేనే మరిచిపోయాననుకుంటే బాగుండేదమ్మా."

తోటికోడలు గుమ్మంలోనే నిలబడి అంతా వింది. ఇన్ని రోజులూ ఈ మనిషి గోడకి తల కొట్టుకుంటుంటే కాఫీలు మోసుకొచ్చావు కదే, అప్పుడు కూడా నీకు తెలుసా, అని అడిగింది. అరవలేదు, తిట్టలేదు. తెలుసక్కా అంది టైపక్క. తోటికోడలు వచ్చి కిటికీలోని గ్లాసు తీసి, కాఫీ బయట పారబోసింది.

టైపక్క చీర మార్చుకోకుండానే విచారణ గదికి వెళ్ళింది. తలుపు దగ్గర ఆపి ఎవరు నువ్వని అడిగితే, క్రేను నడిపేవాడి భార్యనని చెప్పుకుంది. లోపల అందరిముందూ నిలబడి విన్నది విన్నట్టు చెప్పింది. విచారణాధికారి నమ్మలేనట్టు చూసి, పక్కన కూర్చున్న ఆమె భర్తను ఇది నిజమేనా అని అడిగాడు. కావాలంటే కాదనొచ్చు. స్పీకర్ల సాక్ష్యాన్ని ఎవడు నమ్ముతాడు? ఆయన అధికారి వైపు చూడలేదు, పెళ్ళాం వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న అన్న వైపు చూశాడు.

"విన్నాను అన్నయ్యా," అన్నాడు.

బావగారు లేచి నిలబడ్డాడు. దగ్గరికి వచ్చి కొడతాడేమో, కౌగిలించుకుంటాడేమో అనుకుంది టైపక్క. ఆయన ఆ రెండూ చేయలేదు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, తమ్ముడి కుర్చీ పక్కనుంచే నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక కూడా తమ్ముడు అటే చూస్తూ కూర్చున్నాడు. పోలీసులు వచ్చి లేవమన్నప్పుడు, పిల్లల్ని అన్నయ్య దగ్గర ఉంచమని భార్యకు చెప్పబోయి, మాట మధ్యలోనే ఆగిపోయాడు.