దించని షట్టర్

వీధి చివర మొదటి షట్టర్ పడ్డ చప్పుడు వినగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ తర్వాత కిరాణం, దాని పక్కన స్వీట్ల దుకాణం. ఇనుప రేకులు నేలకు తగిలే ఆ చప్పుడు ఒక్కో దుకాణం దాటుకుంటూ నా వైపే వస్తోంది. తనిఖీవాళ్లు బయల్దేరారని కోదాడ బజారులో ఎవరికో ఫోన్ వచ్చి ఉంటుంది. నా కర్రీ పాయింట్ లైసెన్సు కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా భయమేసింది. ఇన్నేళ్లయినా ఆ భయం పోలేదు. అలాంటప్పుడల్లా నాకు పెద్దమ్మ గుర్తొస్తుంది.

పెద్దమ్మ అంటే చుట్టం కాదు. పేరు సైదమ్మ. సూర్యాపేటలో నా మొదటి దుకాణం పక్క మడిగెలో కారం, పసుపు పట్టే గిర్ని నడిపేది. మాది నడిగూడెం, గొర్లు కాసుకునే ఇల్లు. నాన్న మందలో సగం అమ్మి నాకు ఆ దుకాణం పెట్టించాడు. అది మూతపడితే ఏ ముఖం పెట్టుకొని ఇంటికి వెళ్లాలన్నదే అప్పట్లో నా బెంగంతా. నేను గది చూసుకున్న రోజే పెద్దమ్మ వచ్చి గడపలో నిలబడింది. కిరాయి ఎంతని అడగలేదు, ఏం కూరలు వండుతావనీ అడగలేదు. లైసెన్సులు తీసుకున్నావా అని అడిగింది. ముందు నాలుగు గిరాకీలు రానీ, తర్వాత చూద్దామన్నాను.

“ఎనక చూద్దమన్నది ఎన్నడన్న అయిందా? పొయ్యి ఎలిగియ్యకముందే చేసుకో బిడ్డా,” అంది.

తనే నన్ను మీసేవకు తీసుకుపోయింది. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, తిండి అమ్మేవాళ్లు చేయించుకోవలసిన రిజిస్ట్రేషన్, తూకం కాంటాకు ప్రభుత్వ ముద్ర, అన్నీ ఆమె వెంటపడితేనే అయ్యాయి. కాగితాలు గోడకు తగిలించి హమ్మయ్య అనుకుంటే పెద్దమ్మ నవ్వింది. కాయితం పెరుగుసొంటిదని, తోడేసి మర్చిపోతే పులిసిపోతుందని, గడువు దాటకముందే మళ్లీ చేయించుకుంటూ ఉండాలని చెప్పింది. ఏటా మిరపకాయల గిరాకీ మొదలయ్యే ముందు తన కాగితాలతో పాటు నావీ దించి తేదీలు చూసేది. ఇంత తెలిసిన మనిషికి ఇక భయమేముంటుందని అనుకునేదాన్ని.

ఒక రోజు మధ్యాహ్నం కూరకు నూనె పొయ్యి మీద పెట్టానో లేదో, వీధిలో షట్టర్లు పడసాగాయి. గోడ మీది కాగితాల్లో ఒక్కదానికీ గడువు తీరలేదు. అయినా కొక్కెం కడ్డీ అందుకొని షట్టర్ లోపలి నుంచి కిందికి లాగేశాను. అందరూ మూసుకుంటుంటే నేనొక్కదాన్నే తెరిచి ఉంచితే నా మీదే పడతారనిపించింది. చీకట్లో గ్యాసు మంట మాత్రమే కనిపిస్తోంది. నూనె పొగలు కక్కుతున్నా పొయ్యి ఆర్పాలని తోచలేదు. దగ్గు బయటికి వినిపిస్తుందని చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఊపిరాడక చచ్చిపోతానేమో అనిపించింది గానీ, అంతకన్నా పట్టుబడతానన్న భయమే ఎక్కువగా ఉంది. అంతలో ఎవరో షట్టర్ కిందికి వేళ్లు పెట్టి పైకెత్తారు. పెద్దమ్మే. పొయ్యి ఆర్పి, నన్ను రెక్క పట్టి వెలుతురులోకి గుంజింది.

“గొర్లోల్ల బిడ్డవని గొర్రెదాటు దాటినవా? కాయితాలు గోడకు పెట్టుకొని గీ పొగల సస్తవా?” అంది.

అప్పటికే తనిఖీవాళ్లు మలుపు తిరిగారు. పెద్దమ్మ వెనకే నేనూ గిర్నిలోకి వెళ్లాను, వాళ్లు ముందు అక్కడికే వచ్చారు. కారంలో రంగు కలుపుతావా అని అడిగితే పెద్దమ్మ అడ్డంగా తలూపింది. చూపించడానికి దోసిట్లోకి తీసుకున్న కారం చేతుల వణుకుకు నేల మీద రాలుతోంది. ఆమె అంతగా భయపడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంకొకటి కూడా చూశాను. ఆమె షట్టర్ కడ్డీ ఆమె దగ్గర లేదు. కారం పట్టించుకోవడానికి పెన్‌పహాడ్ నుంచి వచ్చిన ముసలాయన దాన్ని చేతికర్రలా పట్టుకొని బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత వాళ్లు నా దుకాణంలోకి వచ్చి కాగితాలు చూశారు. కాగిన నూనె మళ్లీ మళ్లీ వాడొద్దని, నీళ్ల డ్రమ్ముకు మూత పెట్టమని చెప్పి వెళ్లిపోయారు.

కడ్డీ ఆయనకెందుకిచ్చావని సాయంత్రం అడిగాను. భర్త బతికున్నప్పుడు మిర్యాలగూడలో వాళ్లకు చిన్న హోటలుండేదట. కాగితాలు లేని రోజుల్లో తనిఖీ అన్న మాట వినపడితే చాలు, మూసేసేవారట. కాగితాలు చేయించుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎప్పుడు తెరిచి ఉంటుందో తెలియని హోటలుకు రైసుమిల్లు హమాలీలు రావడం మానేశారు.

“ఎవ్వలొచ్చి సీలు ఎయ్యలె బిడ్డా. మా చేతులతోని మేమే మూసుకున్నం. నాకు గిప్పటికీ భయమే. షట్టరు సప్పుడు ఇంటే చెయ్యి దానంతలదే కడ్డీ మీదికి పోతది. అందుకే ముందుగాల దాన్ని ఇంకొకల చేతుల పెడ్త.”

ఆ మాటతో నా భయం తగ్గలేదు, పెరిగింది. పెద్దమ్మకే పోనిది నాకేం పోతుందనిపించింది. నిజంగానే పోలేదు. పెళ్లయ్యాక కోదాడకు వచ్చేశాను. ఆమె చనిపోయిన తర్వాత కొడుకులు గిర్ని అమ్మేస్తుంటే ఆ కడ్డీ అడిగి తెచ్చుకున్నాను.

ఇప్పుడు పక్క దుకాణం షట్టర్ కూడా పడింది. చూసుకుంటే కడ్డీ నా చేతిలోనే ఉంది, ఎప్పుడు తీశానో తెలియదు. పప్పు పొట్లం కోసం నిలబడ్డ టీచరమ్మ, మూసేస్తున్నారా అండీ అని అడిగింది. లేదన్నాను. కడ్డీ ఆమె చేతికిచ్చాను.

“జర ఇది పట్టుకోండి మేడం. నేనడిగినా ఇయ్యకండి.”